దెయ్యానికి కాదు.. మూసిన గేటుకే మా భయం!

దెయ్యం సినిమా ఎక్కడ చూడాలి? ఏసీ హాల్లో పాప్‌కార్న్ నములుతూ, ఇంటర్వెల్‌లో సెల్ఫీలు దిగుతూ చూస్తే అది దెయ్యం సినిమా కాదు, పిక్నిక్కు. దెయ్యం సినిమా చూడాలంటే పామాయిల్ తోట కావాలి. ఎటు చూసినా ఒకే ఎత్తు చెట్లు, వరస వెనక వరస. పగలంతా అక్కడే గెలలు కోసిన మాకే రాత్రయితే ఏ వరస ఎటు పోతుందో తెలీదు. దానికి తోడు గుడ్లగూబలు. గెలల్ని కొరికే ఎలుకల్ని పట్టడానికి ఇక్కడి తోటల్లో గుడ్లగూబలకు కర్రపెట్టెలు కట్టి మరీ పెంచుతారు. తెల్లటి మొహం, అరిచిందంటే రేకు మీద గోరుతో గీసినట్టుంటుంది. మలయ్ భాషలో గుడ్లగూబని 'బురుంగ్ హంతు' అంటారు. బురుంగ్ అంటే పిట్ట, హంతు అంటే దెయ్యం. దెయ్యప్పిట్ట అన్నమాట! కొత్తగా వచ్చినవాడు మొదటి వారం రాత్రిపూట బయటికి పోవాలంటే తోడు పిలుస్తాడు. అలాంటివాడిని కూర్చోబెట్టి 'మసూద' చూపించడం మా గది ఆచారం.

సుంగై సుమున్ మలేసియాలోని పేరాక్ రాష్ట్రంలో, బగాన్ దతుక్ జిల్లాలో చిన్న ఊరు. సుంగై అంటే ఏరు. కొబ్బరి తోటలు, పామాయిల్ తోటలు, మధ్యలో కాలువలు, కాస్త దూరంలో సముద్రం. కోనసీమ మనిషిని కళ్ళకు గంతలు కట్టి తెచ్చి దింపితే ఓ పది నిమిషాలు మనూరే అనుకుంటాడు. తెలుగు కూడా ఇక్కడ కొత్త కాదు. బ్రిటిష్ వాళ్ళ రోజుల్లో తోటపనికి ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ళ మునిమనవలు ఈ చుట్టుపక్కల ఉన్నారు. వాళ్ళ మాటల్లో తమిళం, మలయ్ కలిసిపోయినా అమ్మ, అన్నం, దెయ్యం మాత్రం చెక్కుచెదరలేదు.

మేము ఆరుగురం. సిక్కోలు తమ్ముళ్ళు ఇద్దరు, జగిత్యాల అన్న, గోదారి బావ, నిజామాబాద్ కుర్రాడు, ఇది రాస్తున్న చెయ్యి. సమీక్షకులం కాము. కెమెరా యాంగిల్ గురించి అడిగితే మాకేం తెలీదు. మాకు తెలిసిన లెక్క ఒక్కటే. వారానికి ఒక్క సెలవు, అందులో రెండున్నర గంటలు సినిమాకిస్తే అంత నిద్ర పోయినట్టు. నిద్ర పోగొట్టినందుకు సినిమా ఏమిచ్చిందన్నదే మా రేటింగు. ప్రేమకథలూ ఫ్యామిలీ డ్రామాలూ చూస్తే ఇల్లు గుర్తొచ్చి సోమవారం పని సాగదు. అందుకే మాకు థ్రిల్లరు, దెయ్యం, సైన్స్ కథలు నచ్చుతాయి. నచ్చుతాయనే అనుకుని మొదలుపెట్టాం. చివరికి వాటిల్లోనూ ఇల్లే ఎదురైంది. అది తర్వాత చెప్తాం.

ఇక్కడి దెయ్యాలకూ మనకూ చుట్టరికం

మలయ్ దెయ్యాల్లో పెద్దక్క పొంటియానక్. పురిట్లో చనిపోయిన ఆడమనిషి అలా మారుతుందని చెప్తారు. అరటిచెట్ల దగ్గర ఉంటుందట. దేవగన్నేరు పూల వాసన వస్తే దగ్గర్లో ఉన్నట్టే. మెడ వెనక మేకు దింపితే మామూలు ఆడదానిలా అయిపోతుందట. మా గోదారి బావ ఇది విని "మా చింతచెట్టు దెయ్యానికి పెదనాన్న కూతురే ఇది, మేకు దగ్గరే తేడా" అని తేల్చేశాడు.

ఆ పొంటియానక్‌ని మొదట పెద్ద హిట్ చేసింది ఎవరో తెలుసా? మన దేశం నుంచి వెళ్ళిన దర్శకుడు బీఎన్ రావు. సింగపూర్‌లో కాథే కెరిస్ సంస్థ కోసం 1957లో 'పొంటియానక్' తీశారు. మారియా మెనాడో హీరోయిన్. అది ఆడిన ఆటకు వెంటనే మరో రెండు భాగాలు తీయాల్సి వచ్చింది. విచిత్రమేంటంటే ఆ మొదటి సినిమా ప్రింటు ఇప్పుడు దొరకడం లేదు. దెయ్యం సినిమానే మాయమైపోయింది! పార్టు టూ, పార్టు త్రీల జబ్బు మన టాలీవుడ్ కనిపెట్టింది కాదని కూడా దీన్నిబట్టి తెలుస్తోంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు దెయ్యాలు ఇక్కడి తెర మీద పెద్దగా కనిపించలేదు. 2004లో షుహైమి బాబా తీసిన 'పొంటియానక్ హారుమ్ సుందల్ మాలమ్' మళ్ళీ తలుపు తీసింది. 2016లో వచ్చిన 'మునాఫిక్' దాకా వస్తే మలయ్ దెయ్యం హాళ్ళు నింపేసింది.

మా పక్క గదిలో ఇండోనేసియా వాళ్ళుంటారు. దెయ్యాల విషయంలో వాళ్ళు మనకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు. 2022లో వచ్చిన 'కేకేఎన్ ది దేసా పెనారి' అనే సినిమాను వాళ్ళ దేశంలో 90 లక్షల మందికి పైగా హాలుకెళ్ళి చూశారు. కథ చాలా మామూలు. కాలేజీ పిల్లలు సేవ చేయడానికి మారుమూల పల్లెకెళ్తారు, అక్కడ వెళ్ళొద్దన్న చోటికి వెళ్తారు. అంతే. మాకు భాష సగమే అర్థమైంది, భయం మాత్రం పూర్తిగా అర్థమైంది. దానికి బదులుగా మేము వాళ్ళకి 'మసూద' చూపించాం. 2022 నవంబరులో వచ్చిన సినిమా. సాయికిరణ్ దర్శకుడు. సంగీత ఒంటరి తల్లి, కూతురికి దెయ్యం పడుతుంది. సాయానికి వచ్చేది పక్కింటి పిరికి కుర్రాడు తిరువీర్. ఇందులో హీరో ఎగిరి తన్నడు. చెమటలు కక్కుతూ, వణుకుతూ, అయినా తలుపు దగ్గరికి పోతాడు. మా ఇండోనేసియా మిత్రులు తెలుగు ఒక్క ముక్క రాకుండానే నోరు మెదపకుండా చూశారు. అయిపోయాక ఒకాయన లేచి మా గది కిటికీ గడియ వేసి వెళ్ళాడు. ఇంతకన్నా రివ్యూ ఏం కావాలి?

అన్నట్టు చైనీయుల క్యాలెండర్‌లో ఏడో నెల ఇక్కడ దెయ్యాల నెల. ఆ నెలలో వాళ్ళు వేసే స్టేజీ పాటల కచేరీల్లో ముందు వరస కుర్చీలు ఖాళీగా వదిలేస్తారు, పోయినవాళ్ళు వచ్చి కూర్చుంటారని. మనూళ్ళో అయితే ముందు నిండేది ఆ నేల టికెట్టే. ఈ సంగతి చెప్తే వాళ్ళు కంగారు పడ్డారు.

ఊరు మూసేసిన కథ

2023 ఏప్రిల్‌లో వచ్చిన 'విరూపాక్ష' మాకందరికీ నచ్చింది. కార్తీక్ వర్మ దండు దర్శకత్వం, సుకుమార్ స్క్రీన్‌ప్లే, అజనీష్ లోక్‌నాథ్ సంగీతం. రుద్రవనం అనే ఊళ్ళో వరసగా చావులు. పెద్దలు ఊరికి అష్టదిగ్బంధనం చేస్తారు. లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. సాయిధరమ్ తేజ్ ఊరికి చుట్టంచూపుగా వచ్చి ఇరుక్కుంటాడు. ప్రేమ పాట ఒకటి అడ్డం పడింది గానీ, పొలిమేర మూసే సీను దగ్గర మా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఎందుకంటే మేమూ అలాంటి దిగ్బంధనం చూశాం. 2020 మార్చి 18న మలేసియాలో కదలికల మీద ఆంక్షలు మొదలయ్యాయి. రోడ్లు మూశారు, విమానాలు ఆగాయి. ఆ నెలల్లోనే సిక్కోలు తమ్ముడి తల్లి పోయింది. ఆమె ప్రయాణమంతా తమ్ముడు ఫోన్లో చూశాడు, మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. చితి దగ్గర ఫోను పట్టుకున్నది వాళ్ళ మేనమామ. అలాంటివాడికి 'ఊరు దాటితే చస్తావు' అని తెర మీద ఎవరో చెప్తే అది డైలాగులా వినిపించదు.

ఇక 'భ్రమయుగం'. ఇది మలయాళం, 2024 ఫిబ్రవరిలో తెలుగులోకీ వచ్చింది. రాహుల్ సదాశివన్ దర్శకుడు. మొత్తం నలుపు తెలుపు. మొదట్లో జగిత్యాల అన్న "గిదేంది, ఫోన్ల రంగులు పోయినయా?" అని సెట్టింగులు కూడా నొక్కి చూశాడు. కథ వినండి. బానిసత్వం నుంచి పారిపోతున్న పాటగాడు ఆకలితో అడవిలో ఓ పాడుబడ్డ ఇంటికి చేరతాడు. ఇంటి యజమాని మమ్ముట్టి. అన్నం పెడతాడు, పడుకోమంటాడు, పాట పాడమంటాడు. ఎంత మంచివాడో అనుకుంటాం. పాటగాడు ఇక వెళ్తానంటే పాచికలు ఆడదాం రమ్మంటాడు. పందెం డబ్బు కాదు, కాలం. ఓడిపోతే నీ కాలం నాది. ఓడిపోతాడు. ఇక ఆ ఇల్లు వదలడానికి లేదు. బయట వాన ఆగదు. ఎన్ని రోజులైందో లెక్క తెలీదు.

ఇది చూసిన రాత్రి మాలో ఎవరికీ వెంటనే నిద్ర పట్టలేదు. మమ్ముట్టి నవ్వు వల్ల కాదు. మొదట అన్నం పెట్టి, తర్వాత కాలం రాయించుకునే యజమాని మాకు కొత్త కాదు గనక. నిజామాబాద్ కుర్రాడు ఇక్కడికి రాకముందు వేరేచోట పనిచేశాడు. అక్కడ దిగగానే భోజనం పెట్టారు, సిమ్ కార్డు ఇచ్చారు, "భద్రంగా ఉంచుతాం" అని పాస్‌పోర్టు తీసుకున్నారు. అది తిరిగి చేతికి రావడానికి ఎంత తిరిగాడో వాడినడగాలి. చదువుతున్న తమ్ముళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. మలేసియాలో ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు దగ్గర పెట్టుకోవడం 1966 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం. కౌలాలంపూర్‌లో మన హైకమిషన్ ఉంది. పాచికలు ముట్టుకునే ముందే అడగాలి.

కాలంలో వెనక్కి, కాలంలో ముందుకి

సైన్స్ ఫిక్షన్ మనవాళ్ళకి రాదని ఎవరన్నా అంటే ఒప్పుకోం. 1991లోనే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. బాలకృష్ణని టైమ్ మెషీన్‌లో కూర్చోబెట్టి శ్రీకృష్ణదేవరాయల దగ్గరికీ, అక్కడి నుంచి 2504కీ పంపారు. ఈ రోజుల్లోలా కంప్యూటరు గ్రాఫిక్సు లేవు. ఉన్నది ఊహ. 2025 ఏప్రిల్‌లో దాన్ని మళ్ళీ హాళ్ళలో విడుదల చేశారని ఊరి నుంచి ఫోనొచ్చినప్పుడు గోదారి బావ మొహం చూడాలి. చిన్నప్పుడు చూసిన సినిమాని కొడుకు ఇప్పుడు హాల్లో చూస్తున్నాడు, తండ్రి ఇక్కడ గెలలు కోస్తున్నాడు.

ఆ సింగీతాన్నే పెద్దదిక్కుగా పెట్టుకుని నాగ్ అశ్విన్ తీసిన 'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న వచ్చింది. ఆ వారం మాలో ఇద్దరు సెలవు చూసుకుని కౌలాలంపూర్ వెళ్ళి హాల్లో చూశారు. టికెట్టు, బస్సు, తిండి కలిపి రెండు రోజుల ఓటీ ఖర్చయింది. వాళ్ళ తీర్పు: మొదటి గంట నస, తర్వాత అదుర్స్, చివర్లో అన్యాయం. అన్యాయం ఎందుకంటే కథ మధ్యలో ఆపేసి మిగతాది తర్వాతి భాగంలో అన్నారు. జీతంలో సగమిచ్చి మిగతాది వచ్చే నెల అంటే ఎలా ఉంటుంది? అలాగే ఉంటుంది.

అయినా ఆ సినిమాలో ఒక్క సంగతి మాకు బాగా పట్టింది. లోకమంతా ఎండిపోయి ఉంటుంది. నీళ్ళు, చెట్లు, తిండి అన్నీ కాంప్లెక్స్ అనే చోట ఉంటాయి. దాంట్లోకి పోవాలంటే యూనిట్లు కావాలి. ప్రభాస్ పాత్ర భైరవ సినిమా అంతా ఆ యూనిట్లు కూడబెట్టే పనిలోనే ఉంటాడు. ఇంటి ఓనరు బ్రహ్మానందానికి అద్దె బాకీ. మంచీ చెడూ పక్కనపెట్టి, ఎలాగైనా గేటు దాటి లోపలికి పోవాలి, పోతే బతుకు బాగుపడుతుందని వాడి నమ్మకం. బొంబాయిలోని పేరున్న విమర్శకులు దీని గురించి ఏం రాశారో మేము చదవలేదు. మాకు మాత్రం వాడు దేవుడూ కాదు, సూపర్‌మ్యానూ కాదు. వీసా కోసం ఏజెంటు ఆఫీసు మెట్ల మీద కూర్చున్న మన ఊరి కుర్రాడు. 2898లో కూడా మన పరిస్థితి మారలేదన్నమాట అని సిక్కోలు తమ్ముడు నవ్వాడు. "ఏటి బావా, అప్పుడు కూడా ఏజెంటే?"

ఇంతకన్నా చిన్న సినిమా ఒకటుంది. గ్రాఫిక్సు తక్కువ, గొడవ తక్కువ. 2022 సెప్టెంబరులో వచ్చిన 'ఒకే ఒక జీవితం'. శ్రీకార్తీక్ దర్శకుడు. శర్వానంద్, వెన్నెల కిశోర్, ప్రియదర్శి ముగ్గురు స్నేహితులు. నాజర్ కట్టిన యంత్రంలో 2019 నుంచి 1998కి వెళ్తారు. ఒకడు చదువు కోసం, ఒకడు పెళ్ళిచూపుల కోసం, శర్వానంద్ మాత్రం చిన్నప్పుడు పోయిన తల్లి కోసం. తల్లిగా అమల. కన్నకొడుకు పెద్దవాడై ఎదురుగా నిలబడితే ఆవిడకి తెలీదు. ఎవరో కుర్రాడనుకుని మాట్లాడుతుంది.

చివరికి ఏమవుతుందో చెప్పం. ఇది పెట్టిన ఆదివారం తల్లిని ఫోన్లో సాగనంపిన తమ్ముడు కూడా మాతో కూర్చున్నాడు. వద్దులే, వేరేది పెడదామన్నాం. "ఉంచండి" అన్నాడు. అమల అన్నం కలిపే సీను దగ్గర లేచి బయటికి పోయాడు. కాసేపటికి వచ్చి, మేము ఆపిన చోటు నుంచి మళ్ళీ పెట్టించుకుని పూర్తిగా చూశాడు. తర్వాత ఇంకో రెండుసార్లు ఒక్కడే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశాడని మాకు తెలుసు. సైన్స్ ప్రకారం అందులో తప్పులున్నాయని ఎవరో యూట్యూబ్‌లో గంటసేపు చెప్పారు. ఉంటే ఉండనీ.

మాకు నచ్చనివి

ఇప్పుడు కాస్త తిట్టుకుందాం. మన థ్రిల్లర్లకి మొదటి జబ్బు, చివరి ఇరవై నిమిషాల లెక్చరు. హంతకుడు దొరికాక వాడి చిన్నప్పటి కథ మొదలవుతుంది. అంతసేపు చెప్తే మాకు పోలీసుల మీదే అనుమానం వస్తుంది, చేతికి బేడీలు వేయకుండా వింటున్నారెందుకని! రెండోది శబ్దం. తలుపు తెరిస్తే పిడుగు పడినట్టు సంగీతం. భయపెట్టడం వేరు, చెవి దగ్గర పళ్ళెం కొట్టడం వేరు. 'హిట్' వరసలో 2020లో శైలేష్ కొలను తీసిన మొదటిదే మాకు ఇష్టం. రింగురోడ్డు మీద అమ్మాయి మాయమవుతుంది, విశ్వక్ సేన్ ఒక్కో దారం లాగుతూ పోతాడు. 2025 మేలో నానితో వచ్చిన మూడోదానికి వచ్చేసరికి రక్తం ఎక్కువ, అనుమానం తక్కువ. 'మా ఊరి పొలిమేర' రెండు భాగాలూ (2021, 2023) సత్యం రాజేష్ కోసం చూడొచ్చు. కామెడీ చేసే మనిషి మొహంలో అంత చీకటి ఉందని ఎవరనుకున్నారు? కాకపోతే రెండో భాగంలో మలుపులెక్కువై జగిత్యాల అన్న మధ్యలో "ఎవడు సచ్చిండు, ఎవడు బతికిండు, కాయితం మీద రాయుండ్రి" అన్నాడు.

'థియేటర్ ప్రింటు' అంటూ ఎవరో పంపేవి మాత్రం చూడకండి. చీకటి సీన్లో దెయ్యం కనిపించదు. కనిపించేది ముందు సీటువాడి బట్టతల.

2024 దీపావళికి వచ్చిన 'క' గురించి రెండు ముక్కలు. కిరణ్ అబ్బవరం పోస్ట్‌మ్యాన్. తనకి ఉత్తరం రాసేవాళ్ళు ఎవరూ లేక ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు విప్పి చదువుకుంటాడు. కొండల మధ్య ఊరు, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. ఆ ఊళ్ళో ఆడపిల్లలు మాయమవుతుంటారు. ముగింపు మీద మా గదిలో ఇంకా తగువుంది, ముగ్గురికి నచ్చింది, ముగ్గురికి ఎక్కలేదు. కానీ తనది కాని ఉత్తరం చదివి, అందులోని అమ్మానాన్నల్ని తనవాళ్ళనుకునే మనిషిని చూసి నవ్వలేకపోయాం. పక్క మంచం వాడి వీడియో కాల్‌లో వాళ్ళ పిల్ల 'హాయ్ మామా' అంటే మనకే అన్నంత సంబరపడతాం కదా.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన సినిమాలో దెయ్యం లేదు. 'ఆడుజీవితం', 2024 మార్చిలో తెలుగులో కూడా వచ్చింది. బెన్యామిన్ నవల ఆధారంగా బ్లెస్సీ తీశాడు. పృథ్వీరాజ్ సౌదీ విమానాశ్రయంలో దిగి, తీసుకెళ్ళేవాడి కోసం ఎదురుచూస్తాడు. ఒకడు వచ్చి బండెక్కించుకుంటాడు. బండి రోడ్డు దిగి ఇసకలోకి మళ్ళుతుంది. ఇంకా ఏమీ జరగలేదు. కొట్టడాలు, ఆకలి, గొర్రెల కొట్టం అన్నీ తర్వాత. అయినా ఆ మలుపు దగ్గరే మా గదిలో ముగ్గురు ఒకేసారి "అయిపోయింది" అన్నారు. గల్ఫ్‌లో ఉన్న అన్నలకి ఇది మేము చెప్పాల్సిన పని లేదు. చూడమని కూడా చెప్పం. చూడగలిగినవాళ్ళు చూస్తారు. నిజామాబాద్ కుర్రాడు చూడలేదు, తలుపు బయట కూర్చుని ఇంటికి ఫోన్ చేసుకున్నాడు.

ఈ ఆదివారానికి ఓటింగ్ జరిగింది. 2025 సెప్టెంబరులో వచ్చిన 'కిష్కింధపురి'కి మూడు ఓట్లు పడ్డాయి. దెయ్యాలున్న చోట్లు చూపించడానికి జనాన్ని టూరు తీసుకెళ్ళేవాళ్ళ కథట, పాత రేడియో స్టేషన్ కూడా ఉందట. 'ఆదిత్య 369' మళ్ళీ వేయమని గోదారి బావది ఒక ఓటు. మిగతా రెండు ఓట్లు నిద్రకి. గుడ్లగూబ మాత్రం అప్పుడే పెట్టెలోంచి అరవడం మొదలుపెట్టింది.